మార్సియాల్ వాసేర్ ఎవరికోసం చచ్చాడు?

అరాస్, 2016 సెప్టెంబరు 6

మహారాజశ్రీ చిన్నమ్మమ్మ గిలేన్ గారి సముఖానికి,

తమ అక్కగారి మనవడు, పాత కాగితాల చదువులో పట్టా పుచ్చుకున్న పండితుడు, ప్రస్తుతం ఒక నేలమాళిగలో చెక్కబొమ్మలాడించుకుని బతుకుతున్న అల్బాన్ వంగి వంగి రాయునది. ఫోన్ చేస్తే ‘ఆఁ? ఆఁ?’ అని పెట్టేస్తున్నావు గనక పోస్టాఫీసుకి పూర్వవైభవం తెస్తున్నాను.

సంగతి గంభీరమైనది. ఒక హత్య గురించి.

మీ ఊరు ఓబ్రికూర్‌లో మార్సియాల్ వాసేర్ అని ఒక బొమ్మలాటగాడు ఉండేవాడు కదా. కబోష్ అనే చెక్కబుర్ర నేతగాడిని సృష్టించి ముప్ఫై ఒక్క నాటకాలు రాశాడు. ప్రతి నాటకంలోనూ కబోష్ దుడ్డుకర్రతో పన్నులవాణ్ణి, పోలీసుని, బిషప్‌ని, చివరికి చావుని కూడా చావగొడతాడు. నేనూ మోద్ అనే వడ్రంగి పిల్లా కలిసి అవే ఆడబోతున్నాం. మా నేలమాళిగకి అదే ఊపిరి.

మార్సియాల్ మనవడు రెజిస్ ఒప్పుకోవడం లేదు. పిల్లల మనసులు గాయపడతాయని ఆయన కబోష్ చేతిలో కర్ర తీసేసి పువ్వు పెట్టాడు. ఆ పువ్వు కబోష్‌ని వినోదాల పార్కులో ఆడిస్తాడట. అసలు నాటకాలు ఎవరూ ఆడకూడదట. ఆడితే బొమ్మలు జప్తు చేయిస్తానని లాయరు చేత రాయించాడు.

చట్టం ఇదీ. రచయిత పోయిన డెబ్బై ఏళ్లకి రచనలు జనం సొత్తు. మార్సియాల్ 1944లో పోయాడు, కాబట్టి నిరుడు జనవరి నుంచి కబోష్ నీవాడూ నావాడూ. కానీ ‘ఫ్రాన్స్ కోసం మరణించాడు’ అనిపించుకున్నవాడికి గడువు పెరుగుతుంది. ఇంకో పదహారేళ్లు పైన ఆగాలి. మీ ఊరి యుద్ధ స్మారకం మీద ఆ మాట కింద మార్సియాల్ పేరు చెక్కి ఉంది. పారిపోతున్న జర్మన్లు బట్టలుతికే రేవు దగ్గర కాల్చేశారని ఊరంతా అంటుంది.

అప్పుడు నీకు పన్నెండేళ్లు. బతికున్నవాళ్లలో అక్కడున్నది నువ్వొక్కదానివే. ఆలోచించు: నిచ్చెన మీంచి పడ్డాడా? పుట్టగొడుగులు తిన్నాడా? కాస్త పరువు తక్కువ చావు ఏదైనా ఇప్పించగలవా?

నీ వీరపూజ చెడగొట్టే మనవడు,
అల్బాన్

---

బులోన్, సెప్టెంబరు 12

ఒరేయ్ అల్బాన్,

ఎనిమిదేళ్లలో మొదటి ఉత్తరం, అదీ చచ్చినవాడి పరువు తీసిపెట్టమని. మీ అమ్మమ్మ సొలాంజ్ బతికుంటే చెవి మెలిపెట్టేది. ఆవిడ తరఫున నేను మెలిపెట్టాననుకో.

ఇక్కడ చలి అప్పుడే మొదలైంది. కింద వాటా ముసలాడు హెర్రింగులు పొగబెట్టడం నాకు నేర్పబోయాడు. నలభై ఏళ్లు పొగ కొట్టంలో పనిచేసినదానికి! చేప తోకతో వాడి మొహం మీద ఒక్కటి ఇచ్చాను. ఇప్పుడు నమస్కారం పెడుతున్నాడు.

నాకేం తెలియదు. శనివారం సాయంత్రం ఆఖరి జర్మన్ లారీ వెళ్తూ వెళ్తూ మా పెట్టని తొక్కేసిపోయింది, అది గుర్తుంది. మా అమ్మ ఆ పెట్టకోసం ఏడ్చినట్టు ఎవరికోసమూ ఏడవలేదు. మార్సియాల్ సంగతంటావా, చర్చి నుంచి వస్తున్నాం, పూజ అయిపోయిన గంట ఇంకా మోగుతోంది, నాకు కొత్త మేజోళ్లు. తుపాకీ చప్పుడు వినపడింది. అంతే.

మంచివాడు. అతని పేరు రాయి మీద ఉండనీ. నీకు ఆడుకోవడానికి ఇంకో బొమ్మే దొరకలేదా?

మెడకి ఉన్ని కట్టుకో.
గిలేన్

---

అరాస్, సెప్టెంబరు 19

చిన్నమ్మమ్మా,

ఈ ఉత్తరం ఒక పన్ను తక్కువగా రాస్తున్నాను. నా పై వరస ముందుపన్ను శుక్రవారం నుంచి జనం సొత్తు.

జరిగింది చెబుతాను. అహింసామూర్తి రెజిస్ గారు ఇద్దరు బావమరుదుల్నీ రెండు గడ్డపారల్నీ వెంటబెట్టుకుని మా నేలమాళిగలోకి వేంచేశారు. ‘పిల్లల మనసులు!’ అని అరుస్తూ పోలీసు బొమ్మ తల పగలగొట్టారు. బిషప్‌ని రెండు ముక్కలు చేశారు. నేను మధ్యలోకి వెళ్లి ‘అయ్యా, చట్టరీత్యా...’ అన్నాను. ‘రీత్యా’ దగ్గర పన్ను ఊడింది. మోద్ మాత్రం చట్టం ఎత్తలేదు, కొయ్యసుత్తి ఎత్తింది. ఒక బావమరిదికి మోకాలిచిప్ప పక్కకి జరిగింది. ‘ఇంకోసారి దిగావంటే రెండోది కూడా జరుపుతా, అప్పుడు నడక సమానంగా ఉంటుంది’ అంది. ఆ పిల్లని నేను పెళ్లాడినా ఆశ్చర్యపోకు. ఎమిల్ తాతయ్య ఉండి ఉంటే ఆ ముగ్గుర్నీ ఒంటిచేత్తో మెట్లెక్కించేవాడు. నాకు సైకిలు నేర్పేటప్పుడు కుక్క మీదపడితే ఒక్క తన్నుతో కాలవలో పడేశాడు. అలాంటి మనిషి కావాలి మాకు ఇప్పుడు.

అక్టోబరు 13న విచారణ. ఓడితే మిగిలిన బొమ్మలు కూడా పోతాయి, మాళిగ మూసేస్తాం.

కానీ ఓడం. నీ ఉత్తరం మళ్లీ చదువుకో. ఆఖరి లారీ శనివారం సాయంత్రం పోయింది. పూజ గంట ఆదివారం మోగుతుంది. ఆదివారం ఓబ్రికూర్‌లో జర్మన్ అనేవాడు లేడు! మరి తుపాకీ పేల్చిందెవరు? ఫ్రాన్స్ కోసం చచ్చినవాణ్ణి ఫ్రాన్స్‌వాడే చంపాడా? చిన్నమ్మమ్మా, పెట్ట కోసం ఏడ్చిన మీ అమ్మకి నా నమస్కారాలు. ఆ పెట్టే నా కేసు గెలిపించబోతోంది.

పేరు చెప్పు. ఒక్క పేరు. సంతకం పెట్టి పంపు.

తొస్సినోటి పండితుడు,
అల్బాన్

---

బులోన్, సెప్టెంబరు 24

అల్బాన్,

పంటి డాక్టరుకి చూపించుకో.

నేను ముసలిదాన్ని, రోజులు కలగాపులగం చేశాను. ఆదివారం కాదు. గంట వేరే ఎందుకో మోగింది. ఇంకేమీ రాయను, సంతకం పెట్టను.

మనింటి గుమ్మం దాకా వచ్చే సంగతి ఇది. అక్కడే ఆపు. వేరే నాటకం రాసుకో, చదువుకున్నావుగా.

గిలేన్

---

అరాస్, అక్టోబరు 1

గౌరవనీయ సాక్షి గారికి,

‘మనింటి గుమ్మం దాకా’ అన్నావు. ఆ ముక్క పట్టుకుని నాలుగు రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించాను. పండితుణ్ణి గదా, తేల్చేశాను.

మీ ఇంట్లో మగవాళ్లెందరు? ఒక్కడు. మీ నాన్న. మా ముత్తాత. ఊరి బడిపంతులు, ఊరి కార్యాలయం గుమాస్తా కూడా ఆయనే. పుట్టినవాళ్లనీ చచ్చినవాళ్లనీ రిజిస్టర్లో ఎక్కించేది ఆయన. ఆ చేత్తో కాల్చి, ఈ చేత్తో రాసి, పైన రాయి నిలబెట్టించి, ఏటా నవంబరు పదకొండున, అమరవీరుల దినాన, దాని ముందు టోపీ తీసి నిలబడ్డాడన్నమాట. బహు శుభ్రమైన పని. కబోష్ నాటకాల్లో కూడా ఇంత చాకచక్యం లేదు.

నువ్వు ఇరవయ్యో ఏట ఊరొదిలి మళ్లీ గడప తొక్కలేదట, తండ్రి అంత్యక్రియలకి కూడా. ఎందుకో అమ్మ ఎప్పుడూ చెప్పేది కాదు. ఇప్పుడు అర్థమైంది.

ముత్తాతేనా? అవును కాదు అని ఒక్క మాట రాయి. చచ్చిపోయిన హంతకుణ్ణి కాపాడి బతికున్న బొమ్మల్ని చంపకు.

అల్బాన్

---

బులోన్, అక్టోబరు 4

అల్బాన్,

మా నాన్న చేతిలో సుద్దముక్క తప్ప ఏ ఆయుధమూ లేదు. దాన్ని కూడా మెల్లగానే విసిరేవాడు. నేను ఆయన్ని క్షమించలేదు, అది వేరే సంగతి. కానీ చెయ్యని హత్య ఆయన నెత్తిన రుద్దితే ఊరుకోను. అడిగావుగా, తీసుకో.

ఆదివారమే. సెప్టెంబరు మూడు. పొద్దున కుట్టుకున్న ప్రతిఘటన దళం పట్టీలు చేతికి కట్టుకుని ముగ్గురు కుర్రాళ్లు వీరులై తిరుగుతున్నారు. చాకలి ఇవోన్‌ని జుట్టు పట్టుకుని రేవుకి ఈడ్చుకొచ్చారు, జర్మన్ల బట్టలుతికిందని. మరి ఎవరి బట్టలుతకాలి? రాతిగట్టు మీద వంచి గొర్రెల కత్తెరతో గొరుగుతున్నారు. చెవి తెగింది. నెత్తి తోలు లేచింది. పూజ నుంచి వచ్చిన ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది.

మార్సియాల్ వచ్చాడు. కుడిచేతికి కబోష్ తొడుక్కుని. అతను నోరు తెరవలేదు, బొమ్మే మాట్లాడింది.

‘ఓ వీరులారా! నాలుగేళ్లుగా ఏ గడ్డివాములో ఉన్నారయ్యా? జుట్టులో గడ్డి ఇంకా పోలేదు. ఆ కత్తెర ఇలా తెండి, ముందు మీకు గొరుగుతాను.’

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కత్తెర పట్టుకున్నవాడు తుపాకీ తిరగేసి మార్సియాల్ దవడ మీద కొట్టాడు. కర్ర విరిగినట్టు చప్పుడు. నోట్లోంచి రక్తం, పళ్లు. కబోష్ ఆగలేదు.

‘మా యజమాని పళ్లు రాలిపోయాయి, నావి చెక్కవి. మళ్లీ కొట్టు నాయనా, నీ చెయ్యి నొప్పెడుతుందేమో చూసుకో.’

ఆ నోటితో ఎలా అన్నాడో నాకు తెలియదు. గొంతు బొమ్మదే. ఈసారి జనం నవ్వలేదు. వాడు బొమ్మ ఉన్న చెయ్యిని గట్టు మీద పెట్టి మడమతో తొక్కాడు, తుపాకీ మడమతో నలగ్గొట్టాడు, వేళ్లు ఒకటొకటి విరిగేదాకా. కబోష్ తల చీలిపోయింది. చీలిన తల ఇంకా ఊగుతోంది. ‘అమ్మా ఇవోన్, లే, నీ బుట్ట తీసుకో, వీళ్లకి ఉతకాల్సినవి చాలా ఉన్నాయి’ అంది. అప్పుడు వాడు కడుపులో ఒకసారి, మెడలో ఒకసారి కాల్చాడు. రేవులో నీళ్లు ఎర్రబడ్డాయని రాయను, అవి సబ్బుతో తెల్లగానే ఉన్నాయి, గట్టు మాత్రం ఎర్రబడింది.

వాడి పేరు ఎమిల్ కార్పంత్యే. పంతొమ్మిదేళ్లు. ఆ రాత్రి మా ఇంట్లో సూప్ తాగాడు, ఎందుకంటే సొలాంజ్‌ని చేసుకోబోతున్నాడు. మా అమ్మ చొక్కా ఉతికిపెట్టింది. నాన్న పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాడు. జర్మన్లు కాల్చారని ఊరు సోమవారానికల్లా తీర్మానించుకుంది. మూడేళ్ల తర్వాత పేరు రాయి మీదకెక్కింది.

నీకు సైకిలు నేర్పినవాడే. ఆ తన్ను నాకు తెలుసు.

ఇదిగో సంతకం.
గిలేన్ దలాత్ర్

---

అరాస్, అక్టోబరు 4, మంగళవారం

చిన్నమ్మమ్మా! చిన్నమ్మమ్మా!

ఏమీ రాయకు! రాస్తూ ఉంటే కలం పారెయ్యి!

ఓబ్రికూర్ కార్యాలయం మంగళవారాలే తెరుస్తారు. నెలరోజుల క్రితం అడిగిన మరణపత్రం పూర్తి నకలు ఇవాళ చేతికిచ్చారు. అందులో ఏముంది? ‘మార్సియాల్ వాసేర్, బొమ్మలాటగాడు, 1944 సెప్టెంబరు 3, రేవు దగ్గర మరణించాడు.’ అంచున ఏముంది? ఏమీ లేదు! తెల్లగా, నున్నగా, పసిపాప బుగ్గలా ఖాళీ!

చట్టం ప్రకారం ‘ఫ్రాన్స్ కోసం మరణించాడు’ అనే మాట మరణపత్రం అంచున రాసి ఉండాలి. రాయి మీద బంగారంతో చెక్కినా లెక్కలేదు. రెజిస్ రాయిని చూశాడు, అతని లాయరు రాయిని చూశాడు, ఊరు డెబ్బై ఏళ్లుగా రాయినే చూస్తోంది. పాత కాగితాల్లో పట్టా పుచ్చుకున్న నేను కూడా రాయినే చూశాను. నా పట్టాలో హెర్రింగులు చుట్టుకో.

ఎవరు చంపారో ఇక ఎవరికీ అక్కర్లేదు. మీ నాన్న గురించి రాసిన చెత్తకి నీ కాళ్లు పట్టుకుంటున్నాను. అది మర్చిపో. అన్నీ మర్చిపో.

ఎగిరి గంతేస్తున్న,
అల్బాన్

---

అరాస్, అక్టోబరు 15

చిన్నమ్మమ్మా,

మన ఉత్తరాలు దారిలో ఎదురుపడి పలకరించుకోకుండా వెళ్లిపోయాయి. నీది ఆరో తేదీ గురువారమే వచ్చింది. మెట్ల మీద కూర్చుని చదివాను. మోద్ వచ్చి ‘ఎవరు పోయారు?’ అంది. ‘మా తాతయ్య’ అన్నాను. ‘ఆయన పోయి పదిహేనేళ్లయిందిగా?’ అంది. ‘లేదు, ఇప్పుడే’ అన్నాను.

ముందు కోర్టు సంగతి. రెజిస్ లాయరు స్మారకం ఫొటో ఇంత పెద్దది అట్టకి అంటించి తెచ్చాడు. జడ్జిగారు కళ్లజోడు పైకి నెట్టి, ‘ఇది రాయి. నేను పత్రం అడిగాను’ అంది. నకలు చూసింది, అంచు చూసింది, వెనక్కి తిప్పి కూడా చూసింది. నిషేధం ఇవ్వనంది. ముప్ఫై ఒక్క నాటకాలూ జనం సొత్తు. బయటికొచ్చాక రెజిస్ నా కాలరు పట్టుకుని గోడకేసి కొట్టి, ‘మా తాత దేశం కోసం చావలేదంటావా?’ అని ఏడ్చాడు. అవును చిన్నమ్మమ్మా, ఏడ్చాడు. తిరిగి కొట్టబోయి చెయ్యి దించేశాను. చంపినవాడి మనవణ్ణి, చచ్చినవాడి మనవణ్ణి కొట్టడానికి మొహం ఉండాలిగా.

నీ ఉత్తరం కోర్టులో ఇవ్వలేదు. అవసరం పడలేదు, ధైర్యమూ చాలలేదు. ఏది ముందో అడక్కు. రెండు రోజులు పొయ్యి ముందు పట్టుకుని నిలబడ్డాను. తర్వాత నా చదువు మొట్టమొదటిసారి పనికొచ్చింది.

నీ ఉత్తరంలో ముప్ఫై రెండో నాటకం ఉంది. రేవు గట్టు మీద కబోష్ ఆడినది. మార్సియాల్ ఎక్కడా రాయలేదు, ఎవరూ అచ్చెయ్యలేదు, ప్రపంచంలో ఒకే ఒక్క ప్రతి, నీ చేతిరాతలో. రచయిత గడువు తీరాక అలాంటిది ఎవరైనా బయటపెడితే, ఆ ప్రతి ఎవరిదో హక్కు వాళ్లది. ఇరవై ఐదేళ్లు. ఇదీ చట్టమే, నా వేళాకోళం కాదు.

అందుకే నీ ఉత్తరం ఇందులో పెట్టి నీకే తిప్పి పంపుతున్నాను. హక్కుదారువి నువ్వు. కాల్చుకున్నా నీదే, దాచుకున్నా నీదే. ఆడమంటే ఆడతాం. వద్దంటే నేను చదవనేలేదు.

ఇంకో మాట. ఆ ఖాళీ ఊరికే మిగల్లేదని గుమాస్తా అమ్మాయి అంది. 1946లో ‘అంచున ఆ మాట ఎక్కించండి’ అని పైనుంచి ఉత్తర్వు వచ్చినట్టు వచ్చిన, పోయిన కాగితాలు రాసుకునే ఆవకజావకల పుస్తకంలో ఉందట. ఉత్తర్వు కాగితం మాత్రం ఎక్కడా లేదట. అప్పటి గుమాస్తా ఎవరో నీకు తెలుసు.

మాటలు రాని మనవడు,
అల్బాన్

---

బులోన్, అక్టోబరు 20

ఒరేయ్ నాన్నా,

నలభై ఆరు చలికాలంలో మా నాన్న ఒక కాగితం పొయ్యిలో వేశాడు. ముద్ర ఉన్న కాగితం. అమ్మ ‘పిల్ల పెళ్లి ఆగిపోతుంది, నువ్వు జైలుకి పోతావు’ అని ఆయన వీపు మీద పిడికిళ్లతో బాదింది. ఆయన పొయ్యి మూత పట్టుకుని కాలేదాకా నిలబడ్డాడు. ఎమిల్ మీద ఎవరో చేసిన ఫిర్యాదు అనుకున్నాను. కాబోయే అల్లుణ్ణి కాపాడుకుంటున్నాడని. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడ్డం మానేశాను. ఆరేళ్లు ఒకే బల్ల మీద అన్నం తిన్నాం, నేను గోడతో మాట్లాడేదాన్ని. చచ్చిపోయాడని తంతి వస్తే చేపలు కడుగుతూ కూర్చున్నాను.

కాలింది ఆ ఉత్తర్వన్నమాట. రాయి వాళ్ల చేతిలో ఉంది. పుస్తకం ఆయన చేతిలో ఉంది. తన చేతిలో ఉన్నదానిలో అబద్ధం ఎక్కనివ్వలేదు. నాకు చెప్పి ఉండొచ్చుగా? పద్నాలుగేళ్ల పిల్లకి కాకపోతే ఇరవయ్యేళ్ల పిల్లకైనా? అంత ఒద్దికైన ధైర్యాన్ని ఏం చేసుకోను ఇప్పుడు? నిన్న కింద వాటా ముసలాణ్ణి పట్టుకుని ఏడ్చాను. హెర్రింగుల కోసం అనుకున్నాడు పాపం, రెండు ఇచ్చిపోయాడు.

సరే, హక్కు విషయం. ఎనభై నాలుగేళ్లదానికి ఇరవై ఐదేళ్లు ఇచ్చిన చట్టానికి బుద్ధి లేకపోయినా మర్యాద ఉంది. అనుమతి ఇస్తున్నాను. ఓబ్రికూర్‌లోనే, రేవు దగ్గరే ఆడండి. రెజిస్‌ని కూడా పిలువు. వాళ్ల తాత నిజంగా దేనికోసం చచ్చాడో రాయి వాడికి చెప్పలేదు.

షరతులు రెండు. కత్తెర పట్టుకున్న బొమ్మ పేరు ఎమిల్ అనే ఉండాలి. నీకు కష్టమని తెలుసు. మోద్ చేత ఆడించు, ఆ పిల్ల చేతులు గట్టివిలా ఉన్నాయి.

రెండోది. నా ప్రతిలో ఒక తప్పుంది, దిద్దుకో. గడ్డివాము మాటకి ‘ఎవరో నవ్వారు’ అని రాశాను. ఎవరో కాదు. కొత్త మేజోళ్లు వేసుకున్న పన్నెండేళ్ల పిల్ల. పగలబడి నవ్వింది. అది విని అందరూ నవ్వారు, అది విని ఎమిల్ తుపాకీ తిరగేశాడు. డెబ్బై రెండేళ్లు నేను నోరు మూసుకున్నది వాడికోసం కాదురా.

ఆ నవ్వు ఆటలో ఉండాలి. పిల్ల బొమ్మ చెక్కించు. బాగా నవ్వు వచ్చే ఆట అది అల్బాన్, మార్సియాల్ ఆడినవాటిలో అన్నిటికంటే బాగా ఆడాడు. ఇది కూడా ఎక్కడైనా రాసి ఉండాలి.

హక్కుదారు,
గిలేన్ దలాత్ర్